రొయ్యల మేతలో బూజు విషములు: ప్రయోగములు చెప్పినదేమి, విడిచినదేమి?

1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో కొద్ది నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయెను. కారణమగు సూక్ష్మజీవి ఏదియు దొరకలేదు గనుక ఆ జబ్బునకు ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ యని పేరు పెట్టిరి. తుదకు దోషము మేతలో తేలినది. బ్రెజిల్ నుండి దిగుమతియైన వేరుశనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగి ఒక విషమును విడిచియుండెను. బూజు పేరులోని అక్షరములనే కూర్చి ఆ విషమునకు ఆఫ్లటాక్సిన్ అని నామకరణము చేసిరి. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలోని చేపల పెంపక కేంద్రములలో రెయిన్‌బో ట్రౌట్ చేపల కాలేయములందు కంతులు విపరీతముగా కనబడెను. అచ్చట దోషి పత్తిగింజల పిండి; అందును ఉన్నది ఈ విషమే.

కోడికిని, చేపకును చేటు చేసిన విషము రొయ్యను విడిచిపెట్టునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు నలువది యేండ్లకు పైగా ప్రయోగములు జరుగుచున్నవి. విషము రొయ్యకు హాని చేయునని అవి నిస్సందేహముగా నిరూపించినవి. ఐనను చెరువు గట్టున నిలిచిన రైతు అడుగు ప్రశ్న వేరు. “ఈ బస్తాలోని మేత వేయవచ్చునా, వేయరాదా?” అనునది అతని ప్రశ్న. దీనికి ఆ ప్రయోగములు ఎంతవరకు జవాబు చెప్పగలవో, ఎచ్చట మౌనము వహించినవో పరిశీలించుట అవసరము. భారతదేశమున పెంచు రొయ్యలలో అధిక భాగము ఆంధ్రప్రదేశ్ తీరమునుండియే వచ్చుచున్నది. పెంపకపు ఖర్చులో సగమునకు పైగా మేతకే పోవును. కావున ఇది విద్వాంసుల చర్చ మాత్రమే కాదు.

మేతలోనికి విషము ఎట్లు చేరును?

రొయ్యల మేత యనగా చేపపొడి ఒక్కటియే కాదు. చేపపొడి వెల పెరిగిన కొలది సోయా పిండి, గోధుమ పిండి, తవుడు, నూకలు, మొక్కజొన్న, నూనెగింజల చెక్క మేతలో ఎక్కువ భాగము నాక్రమించినవి. చౌకగా దొరకు ఈ సరకులతోపాటు వానిని ఆశ్రయించిన బూజులును వచ్చినవి. ఫ్యుసేరియం జాతి బూజులు పైరు పొలములో నుండగనే కంకుల నంటుకొని డిఆక్సినివలినాల్, జియరలినోన్, ఫ్యుమోనిసిన్ వంటి విషములను చేయును. ఆస్పర్జిల్లస్ జాతి వర్షాభావమునకు గురియైన పైరుపైనను, తడి ఆరని నిలువలపైనను పెరిగి ఆఫ్లటాక్సిన్‌ను చేయును. అనగా గొడౌను ఎంత శుభ్రముగా నుంచినను కొన్ని విషములు అంతకు ముందే గింజలో చేరియుండవచ్చును.

ఇచ్చట రెండు భ్రమలను తొలగించుకొనవలెను. బూజు కంటికి కనబడినంతమాత్రమున విషమున్నదని చెప్పుటకు వీలు లేదు. కనబడనంతమాత్రమున లేదనుటకును వీలు లేదు. రెండవది, మేతను ఆవిరిపై ఉడికించి గుళికలుగా అదిమినప్పుడు బూజు చచ్చును గాని విషము చావదు. ఆఫ్లటాక్సిన్ బి1 విచ్ఛిన్నమగుటకు 260 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగా వేడి కావలెను. గుళికలు తయారగు వేడి దానిలో సగమైనను ఉండదు. వంటలో పురుగు చచ్చిపోవును గనుక గింజ మంచిదైనదనుట వంటిదే ఈ నమ్మకము.

రొయ్య దేహములో జరుగునది

రొయ్యకు కాలేయము, క్లోమము వేరు వేరుగా లేవు. ఆ రెండింటి పనియు తల భాగమునందలి ఒకే అవయవము చేయును. దీనిని హెపటోపాంక్రియాస్ అందురు. వేలకొలది సన్నని గొట్టములు గుత్తిగా చేరి ఇది ఏర్పడినది. జీర్ణరసములను స్రవింపజేయుట, జీర్ణమైన ఆహారమును పీల్చుకొనుట, క్రొవ్వును నిలువచేయుట, విషములను విరుచుట, ఇవన్నియు ఆ గొట్టముల గోడలలోని కణములు చేయు పనులు. రొయ్య పొట్టు విడుచు వేళ తినుట మానును. అప్పుడు అది ఈ నిలువలపైననే ఆధారపడవలెను.

ఆఫ్లటాక్సిన్ బి1 చేరునదియు ఇచ్చటికే. కణములు దానిని విరుచుటకు పూనుకొన్నప్పుడు మధ్యలో ఏర్పడు ఒక తీవ్రమైన పదార్థము కణకేంద్రములోని డి.ఎన్.ఏ. నంటుకొని దాని పనిని చెరచును. ట్రౌట్ కాలేయములో కంతులు పుట్టించినదియు ఇట్టి చర్యయే. డిఆక్సినివలినాల్ మరొక దారిని పోవును. అది కణములలో మాంసకృత్తుల తయారీని అడ్డగించును. త్వరగా పెరుగు ప్రాణికి మాంసకృత్తుల తయారీ కుంటుపడుట యనగా పెరుగుదల ఆగుటయే.

థాయ్‌లాండు ప్రయోగములు

రొయ్యల విషయమున తరచుగా ఉదాహరించు ప్రయోగము 2001లో ప్రచురితమైనది. థాయ్‌లాండునకు చెందిన మాలీ బూన్యరత్పలిన్ బృందము టైగరు రొయ్యలకు ఎనిమిది వారములు మేత పెట్టి చూచెను. ఆ మేతలో ఆఫ్లటాక్సిన్ బి1 ను 50, 100, 500, 1000, 2500 పి.పి.బి. చొప్పున కలిపిరి. ఒక కిలో మేతలో ఒక మైక్రోగ్రాము విషమున్నచో అది ఒక పి.పి.బి., అనగా నూరు కోట్ల పాళ్ళలో ఒక పాలు. 2500 పి.పి.బి. మేత తిన్న రొయ్యలలో నూటికి 26 మాత్రమే బ్రతికెను. 1000 వరకు తిన్నవానిలో చావు పెరుగలేదు. పెరుగుదల మాత్రము 500 నుండియే తగ్గెను. సూక్ష్మదర్శినితో చూడగా 100 నుండియే హెపటోపాంక్రియాస్ గొట్టములు కృశించుట, కణములు నశించుట కనబడెను.

ఈ ప్రయోగము యొక్క గొప్పతనము అంకెలలో కంటె వాని వరుసలో నున్నది. మొదట అవయవము చెడును. తరువాత పెరుగుదల తగ్గును. చావు అన్నిటికంటె చివర వచ్చును. ఈ మూడు మెట్లను ఒకే పరీక్షలో విడదీసి చూపుట సామాన్యమైన పని కాదు. దురదృష్టమేమనగా, తరువాత దీనిని ఉదాహరించినవారిలో పలువురు మూడవ మెట్టునే పట్టుకొనిరి. “వేయి పి.పి.బి. వరకు రొయ్య ఓర్చుకొనును” అను మాట ఇట్లు పుట్టినది. మూలములో ఉన్నది ఓర్పు కాదు, ఆలస్యముగా వచ్చు చావు.

రెండేండ్లకు, 2003లో, అదే దేశమునుండి మరొక ప్రయోగము వెలువడినది. దానిలో విషము 5, 10, 20 పి.పి.బి. మాత్రమే, కాలము పది దినములు. ఇంత తక్కువ మోతాదునకే రొయ్యల బరువు తగ్గెననియు, చావు కొంచెము హెచ్చెననియు, హెపటోపాంక్రియాస్ దెబ్బతినెననియు అందు చెప్పిరి. ఒక ప్రయోగము 500 వద్ద చూచిన నష్టమును మరొకటి 5, 20 ల మధ్యనే చూచినది. ఈ రెండును ఒకే జాతి రొయ్యపై, ఒకే దేశములో జరిగినవే.

ఇట్టి సందర్భమున ఒకదానిని నిజమని, రెండవదానిని అబద్ధమని తీర్పు చెప్పుట తేలిక, కాని సరికాదు. రొయ్య వయస్సు, పరిమాణము, మేతలోని ఇతర పోషకములు, తొట్టిలోని రద్దీ, నీటి గుణము ఫలితమును మార్చగలవు. పది దినములలో కనబడిన తగ్గుదల కొంత కాలమునకు సర్దుకొనునా, లేక ముదురునా యనుట ఆ ప్రయోగము తేల్చలేదు. ఎనిమిది వారముల ప్రయోగము తక్కువ మోతాదులను, అనగా 50 కంటె లోపలివానిని, పరీక్షింపలేదు. రెండును తమతమ హద్దులలో సత్యములే. ఆ హద్దులను విడిచి ఒక్క అంకెను మాత్రము పట్టుకొని పోవుటలోనే పొరపాటున్నది.

గోధుమతో వచ్చిన విషము

2000వ సంవత్సరమున అమెరికాలో జరిగిన మరొక పరీక్ష మెచ్చదగినది. అందు శుద్ధి చేసిన విషమును సీసానుండి తీసి కలుపలేదు. డిఆక్సినివలినాల్ సహజముగా చేరిన గోధుమనే మేతలో వాడిరి. మేతలో విషము 200, 500, 1000 పి.పి.బి. స్థాయిలలో నుండునట్లు చేసి వెనామీ రొయ్యలకు పెట్టిరి. పెరుగుదల తగ్గెను, కాని చావు పెరుగలేదు, మేత మాంసముగా మారు పాలు కూడ చెప్పుకొనదగినంతగా చెడలేదు. రైతు చెరువులో జరుగునది ఇట్టిదే గనుక ఈ పద్ధతి నిజ జీవితమునకు దగ్గర. ఐతే దీనికిని ఒక లోటున్నది. సహజముగా బూజు పట్టిన గోధుమలో ఒకే విషముండునను నమ్మకము లేదు. కొలిచినది ఒకదానిని, తినిపించినది బహుశః కొన్నిటిని.

చావును లెక్కించిన చాలునా?

ఈ ప్రయోగములన్నిటిని కలిపి చదివినచో ఒక విషయము స్పష్టమగును. బూజు విషము సాధారణముగా చెరువును ఒక రాత్రిలో ఖాళీ చేయదు. అది రొయ్యను చిన్నదిగా ఉంచును. చెక్ ట్రేలో చచ్చిన రొయ్య కనబడదు గనుక రైతుకు అనుమానము రాదు. కాని రొయ్య అమ్ముడగునది కౌంటు లెక్కన. కిలోకు 40 తూగు రొయ్య ఒక్కొక్కటి 25 గ్రాములు. కిలోకు 50 తూగునది 20 గ్రాములు. నలువదివేల రొయ్యలు 40 కౌంటునకు వచ్చినచో బరువు వేయి కిలోలు. అవే 50 కౌంటున ఆగిపోయినచో ఎనిమిది వందల కిలోలు. ఒక్క రొయ్య చావకుండగనే రెండు వందల కిలోలు పోయెను. పైగా చిన్న కౌంటునకు కిలో ధర కూడ తక్కువ. బ్రతికినవాని సంఖ్యనే కొలబద్దగా పెట్టుకొన్న పరిశోధన ఈ నష్టమును చూడజాలదు.

శుభ్రమైన తొట్టి, బురద చెరువు

రెండవ విమర్శ ప్రయోగశాలకు సంబంధించినది. ప్రయోగము కొరకు రొయ్యలను వడగట్టిన నీటిలో, జబ్బులు లేకుండ, పలుచగా పెంచుదురు. ఒక్క విషము యొక్క ప్రభావము తెలియవలెనన్న ఇది తప్పదు. కాని చెరువులో రొయ్య ఒంటరిగా విషముతో పోరాడుట లేదు. అచ్చట విబ్రియో బాక్టీరియా కలదు, తెల్లమచ్చల వైరసు కలదు, తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గుట కలదు, అడుగున అమ్మోనియా కలదు. హెపటోపాంక్రియాస్ సగము చెడిన రొయ్య ఈ దెబ్బలకు ఎట్లు తట్టుకొనునో తెలుపు ప్రయోగములు మిక్కిలి తక్కువ. మేతలో ఒకటికి మించి విషములుండుట సాధారణముకాగా, రెండు మూడింటిని కలిపి పెట్టి చూచిన పరీక్షలును అరుదే.

ఇంకొక చిక్కు రొయ్య తిను తీరులోనే ఉన్నది. చేప గుళికను ఒక్కసారి మ్రింగును. రొయ్య దానిని పట్టుకొని కొరికి, రాల్చి, నెమ్మదిగా తినును. అంతలో మేత నీటిలో నానును. ఆఫ్లటాక్సిన్ నీటిలో అంతగా కరుగదు, డిఆక్సినివలినాల్ కరుగును. కావున బస్తాలోని మోతాదే రొయ్య కడుపులోని మోతాదని తలచుట కుదరదు. 1982లో జరిగిన తొలి పరీక్షలలో విషమును సూదితో ఎక్కించి ప్రాణాంతకమగు మోతాదును కొలిచిరి. ఆ అంకెలు విష శాస్త్రమునకు ఉపయోగించును గాని మేత విషయమున వానితో తీర్పు చెప్పరాదు.

ఒక జాతి అంకె మరొక జాతికి చెల్లదను సంగతియు మరువరాదు. రెయిన్‌బో ట్రౌట్‌కు మేతలో ఒక పి.పి.బి. కంటె తక్కువ ఆఫ్లటాక్సిన్ దీర్ఘకాలము పెట్టినను కంతులు వచ్చును. దాని దగ్గరి చుట్టమైన కోహో సాల్మన్ అంతకంటె ఎంతో ఎక్కువను ఓర్చుకొనును. థాయ్‌లాండు ప్రయోగములు టైగరు రొయ్యపై జరిగినవి. భారతదేశమున 2009లో అనుమతి పొందిన తరువాత వెనామీయే చెరువులను నింపినది. ఎనిమిది వారముల ఫలితమును నూరు దినములకు మించి సాగు పంటకు, ఒక జాతి ఫలితమును మరొక జాతికి అన్వయించునపుడు జాగ్రత్త అవసరము.

హద్దులు ఎవరి కొరకు?

అమెరికాలో చాలా మేతలకు ఆఫ్లటాక్సిన్ హద్దు 20 పి.పి.బి. ఐరోపా సంఘము మేత ముడిసరకులలో ఆఫ్లటాక్సిన్ బి1 కు ఇదే హద్దు పెట్టినది. ఒక టన్ను మేతలో 20 మిల్లీగ్రాములనగా కొన్ని ఆవగింజల బరువు మాత్రమే. హద్దులు మంచివే. కాని వాని వెనుకనున్న ప్రధానమైన చింత పాలు, మాంసము తిను మనిషిని గురించినది. రొయ్య పెరుగుదలను గురించినది కాదు.

తినువారి విషయమున ప్రయోగములు ధైర్యము చెప్పుచున్నవి. 2003 నాటి పరీక్షలో విషపు మేత తిన్న రొయ్యల దేహములో ఆఫ్లటాక్సిన్ గాని దాని మార్పు రూపములు గాని దొరకలేదు. ఇది సంతోషింపదగిన వార్త. ఐతే “రొయ్యలో విషము లేదు” అను వాక్యమును “రొయ్యకు విషము తగులలేదు” అని చదువరాదు. మొదటిది వినియోగదారునికి భరోసా. రెండవదైనచో రైతు నష్టమును కప్పిపుచ్చుట యగును.

మందుల వాదము

విషమును పట్టివేయు పొడులు సంతలో పెక్కు గలవు. వానిలో బెంటొనైటు వంటి బంకమన్నులు ముఖ్యమైనవి. ఆఫ్లటాక్సిన్ అణువు చదునుగా నుండుటచే ఆ మట్టి పొరల నడుమ చక్కగా ఇమిడి, ప్రేవులలో పీల్చబడకుండ బయటికి పోవును. ఇంతవరకు శాస్త్రము దృఢముగానున్నది. ఐతే డిఆక్సినివలినాల్, టి-2 వంటి విషముల ఆకారము వేరు. మట్టి వానిని అంతగా పట్టలేదు. 2013లో ఐరోపా సంఘము ఆఫ్లటాక్సిన్ కొరకు బెంటొనైటును అనుమతించినపుడు పేర్కొన్నది నెమరువేయు పశువులను, పందులను, కోళ్ళను. ఆ జాబితాలో రొయ్య లేదు. “అన్ని బూజు విషములను తొలగించును” అని డబ్బాపై వ్రాసినంత మాత్రమున నమ్ముట తగదు. ఏ విషమును, ఏ ప్రాణిలో, ఎంత తగ్గించెనని అడుగవలెను.

నింద ఎవరిపై?

విషయము తేలకపోవుటచే కలుగు సాంఘిక నష్టము ఒకటి కలదు. హెపటోపాంక్రియాస్ వాడిపోవుట, పాలిపోవుట బూజు విషము వలననే కాదు, ఇతర కారణముల వలనను జరుగును. 2009 ప్రాంతమున చైనాలో కనబడి, తరువాత ఆగ్నేయాసియాను కుదిపిన ‘ఎర్లీ మోర్టాలిటీ’ జబ్బులోను చెడునది ఈ అవయవమే. 2013లో దాని కారణము ఒక రకము విబ్రియో పారహీమోలిటికస్ బాక్టీరియా అని డొనాల్డ్ లైట్నర్ బృందము నిరూపించువరకు విషములపైనను అనుమానములు సాగినవి. రొయ్యను గిడసబార్చు ఇ.హెచ్.పి. అను సూక్ష్మ పరాన్నజీవియు ఈ కణములలోనే కాపురముండును.

అందుచే పంట చెడినప్పుడు మేత అమ్మినవారు జబ్బు వచ్చినదందురు. రైతు మేత చెడ్డదనును. ఇరువురివద్దను రుజువుండదు. కొందరు అవసరము లేని మందులు చెరువులో పోసి ఖర్చును హెచ్చించుకొందురు. మేత నమూనాను పరీక్షింపక, రొయ్య అవయవమును సూక్ష్మదర్శినితో చూడక, పి.సి.ఆర్. పరీక్ష చేయింపక ఒకరిని దోషియనుట న్యాయము కాదు.

నమూనా తీయుటలోను మెలకువ కావలెను. బూజు సంచియంతట సమముగా పెరుగదు. ఒక మూల తడిసినచో అచ్చటనే విషము కుప్పపడును. ఒక బస్తాలో ఒక పిడికెడు తీసి పరీక్షించి “లేదు” అని చెప్పుట చెరువులో ఒక మూల వల వేసి చేపలు లేవనుట వంటిది. పలు బస్తాలనుండి, పలు చోట్లనుండి కొంచెము కొంచెము తీసి, కలిపి, పొడి చేసి, అందుండి పరీక్షకు పంపవలెను.

చేయదగినది

రైతు చేతిలోనున్న పని కొంత కలదు. మేత బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. ముందు వచ్చిన బస్తాను ముందు వాడవలెను. వానకాలమునకు నెలల తరబడి నిలువచేయరాదు. గడ్డకట్టిన, తడిసిన మేతను ఎండబెట్టి వాడుట మానవలెను. ఎండ తడిని తీయును గాని విషమును తీయదు. ప్రతి దిగుమతి నుండియు తారీఖు వ్రాసిన చిన్న నమూనాను మూతగట్టిన డబ్బాలో పొడిగా దాచుకొన్నచో తరువాత వివాదము వచ్చినపుడు సాక్ష్యముగా నిలుచును.

మేత తయారు చేయువారు ముడిసరకును కొనునప్పుడే పరీక్షింపవలెను. గుళికయైన తరువాత చేయగలిగినది స్వల్పము. శాస్త్రజ్ఞుల పని వేరు. వెనామీపై, పూర్తి పంటకాలము, సహజముగా బూజుపట్టిన సరకులతో, తీరప్రాంతపు చెరువు పరిస్థితులలో, చావునే గాక బరువును, అవయవ స్థితిని, జబ్బులకు లొంగు తీరును కొలుచు ప్రయోగములు కావలెను. మద్రాసులోని కేంద్ర ఉప్పునీటి జలజీవుల పెంపక పరిశోధన సంస్థ వంటివి 1987 నుండి పనిచేయుచున్న దేశమున ఇది శక్తికి మించిన కోరిక కాదు.

ఇంతవరకు జరిగిన ప్రయోగములు వ్యర్థములని చెప్పుట ఈ విమర్శ ఉద్దేశము కాదు. విషము మొదట ఏ అవయవమును తాకునో, చావు ఎంత ఆలస్యముగా వచ్చునో అవియే నేర్పినవి. అవి అడుగని ప్రశ్నలకు కూడ వానిని సాక్ష్యమునకు పిలుచుటయే తప్పు. వేయి పి.పి.బి. వద్ద రొయ్య బ్రతికియుండుట నిజమే. కాని రైతు అమ్మునది బ్రతికిన రొయ్యను కాదు, పెరిగిన రొయ్యను.